గోలు కొట్టినవాడు సరే... బంతి అందించిందెవరు?

సినిమా అయిపోయి తెర మీద పేర్లు పడుతుంటే మనమేం చేస్తాం? కుర్చీ కింద చెప్పులు వెతుక్కుంటాం. బండి తాళంచెవి కోసం జేబులు తడుముకుంటాం. గేటు దగ్గర తోసుకుంటాం. హీరో పేరు మనకి ముందే తెలుసు. హీరోయిన్ పేరేమిటి, ఆవిడగారి తర్వాతి సినిమా ఏదో కూడా తెలుసు. ఎడిటర్ ఎవరయ్యా అంటే మాత్రం... "ఏమో అన్నా, సూడలే!"

ఫుట్‌బాల్ మైదానంలోనూ ఇదే తంతు. గోలు కొట్టినవాణ్ణి భుజాల మీదికెత్తుతారు. గోలు ఆపిన గోల్‌కీపర్ ఫోటో పేపర్లో పడుతుంది. ఈ ఇద్దరి మధ్య తొంభై నిమిషాలూ పరుగులు తీసి, అవతలివాడి కాళ్ళ దగ్గర్నుంచి బంతి లాక్కొచ్చి, తనవాడి కాలికి అందించే ప్రాణి ఒకడుంటాడు. వాణ్ణి మిడ్‌ఫీల్డర్ అంటారు. ఈ వారం కబుర్లు అలాంటివాడి గురించే.

పేరు మహమ్మద్ హబీబ్. ఊరు హైదరాబాద్. మా కరీంనగర్‌లో బస్సెక్కితే మూడున్నర గంటల దూరం. అయినా మన కుర్రకారులో ఎంతమందికి తెలుసు? అదే కలకత్తాలో ఏ పెద్దాయన్నయినా కదిపి చూడండి... "బడే మియా" అంటూ మొదలుపెట్టి ఓ పట్టాన వదలడు!

సినిమా తర్వాతి కథ

2024లో హిందీలో "మైదాన్" వచ్చింది, గుర్తుందిగా? హైదరాబాద్ బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం పాత్రలో అజయ్ దేవగణ్ కనిపించాడు. ఆ పంతులుగారి శిక్షణలోనే భారత జట్టు 1951లో ఢిల్లీలోనూ, 1962లో జకార్తాలోనూ ఆసియా క్రీడల బంగారు పతకం గెలిచింది. 1963లో కాన్సర్ ఆయన్ని తీసుకుపోయింది.

సినిమా ముగిసింది గానీ హైదరాబాద్ ఫుట్‌బాల్ కథ ముగియలేదు. కబడ్డీకి "ఒక్కడు" వచ్చింది. రగ్బీకి "సై" వచ్చింది. క్రికెట్టుకి "జెర్సీ" వచ్చింది. మన హైదరాబాద్ ఫుట్‌బాల్‌ని వెండితెర కెక్కించడానికి మాత్రం బొంబాయివాళ్ళు పూనుకోవాల్సొచ్చింది. రెండో భాగం ఇంకా ఎవరూ తియ్యలేదు. తీస్తే అందులో హీరో హబీబే అని నా పందెం.

1949 జూలై 17న పుట్టిన హబీబ్‌ది ఫుట్‌బాల్ కుటుంబం. అన్నదమ్ములూ ఆటగాళ్ళే. పదిహేడు నిండీ నిండకుండానే, 1966లో కలకత్తా వెళ్ళి ఈస్ట్ బెంగాల్ జెర్సీ తొడుక్కున్నాడు. అప్పట్నుంచి 1984 దాకా ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మదన్ స్పోర్టింగ్... ఈ మూడింటి మధ్యే తిరిగాడు. ఇది ఎంత సాహసమో తెలుసా? ఎన్టీఆర్ అభిమాన సంఘం అధ్యక్షుడు వెళ్ళి ఏఎన్నార్ సినిమాకి బ్యానర్ కట్టినట్టు! అయినా మూడు క్లబ్బులవాళ్ళూ ఆయన్ని మావాడే అన్నారు. బంతి కోసం ప్రాణం పెట్టేవాణ్ణి ఎవరు కాదంటారు?

అందించడమే తెలుసు, కొట్టడం తెలీదనుకునేరు! 1969 సంతోష్ ట్రోఫీలో బెంగాల్ తరఫున 11 గోళ్ళు వేశాడు. 1970 డిసెంబర్‌లో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో జపాన్‌ని ఓడించి కంచు పతకం తెచ్చిన భారత జట్టులోనూ ఉన్నాడు. ఆ జట్టు కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్‌దీ హైదరాబాదే. ఆ తర్వాత 2023 హాంగ్జౌ క్రీడల దాకా మన ఫుట్‌బాల్ జట్టుకి ఆసియా క్రీడల్లో మరో పతకం రాలేదు. అర్ధశతాబ్దం దాటిపోయింది మరి!

పదిహేడు సెకన్లు

1976. కలకత్తా లీగులో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ ఢీ అంటే ఢీ. విజిల్ మోగింది. ఉలగనాథన్ పక్క నుంచి బంతి ఎత్తి కొట్టాడు. అక్కడికి చేరుకున్న హబీబ్ దాన్ని తలతో పక్కకి మళ్ళించాడు. అక్బర్ గోల్లోకి తన్నాడు. మ్యాచ్ మొదలై పదిహేడు సెకన్లు! ఆలస్యంగా వచ్చి సీటు వెతుక్కుంటున్నవాళ్ళు ఆ గోలు చూడనే లేదు.

ఆ అక్బర్ ఎవరనుకున్నారు? హబీబ్ సొంత తమ్ముడు! ఈ రెండు జట్ల పోటీల్లో అతి వేగంగా పడ్డ గోలని ఇవాళ్టికీ చెప్పుకునేది అక్బర్ పేరే. న్యాయమే, కొట్టింది అతనే కదా. కానీ ఆ తల అడ్డు పడకపోతే?

మరుసటేడు, 1977 సెప్టెంబర్ 24న, ఏకంగా పెలే దిగాడు. న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్ మీద ఆట. వానకి మైదానం బురద బురద. పెలే పక్కన బ్రెజిల్ ప్రపంచ కప్పు కెప్టెన్ కార్లోస్ ఆల్బెర్టో. మన సూపర్‌స్టార్ షూటింగ్‌కి ఊళ్ళోకొస్తే జనం ఎలా ఎగబడతారో, కలకత్తా అలా ఎగబడింది. హబీబ్ మాత్రం వాళ్ళూ ఆటగాళ్ళే, మనమూ ఆటగాళ్ళమే అన్న ధోరణిలో దిగాడు. కాస్మోస్ ఒక గోలు వేస్తే శ్యామ్ థాపా బదులు తీర్చాడు. రెండోది హబీబ్ కొట్టి మోహన్ బగాన్‌ని ముందుకి తెచ్చాడు. చివరికి పెనాల్టీతో కాస్మోస్ గట్టెక్కింది. 2-2. హబీబ్ ఆటని పెలే మెచ్చుకున్నాడని కలకత్తాలో ఇప్పటికీ కథలు కథలుగా చెప్పుకుంటారు. 1980లో అర్జున అవార్డు వచ్చింది.

బూట్లు విప్పాక

పాతికేళ్ళ హీరో అరవై దాటాక కూడా డ్యూయెట్లు పాడే లోకం మనది. ఆటగాడికి ఆ వెసులుబాటు లేదు. కాళ్ళు చెప్పినప్పుడు దిగిపోవాల్సిందే. హబీబ్ దిగి ఎక్కడికి వెళ్ళాడు? పిల్లల దగ్గరికి. జంషెడ్‌పూర్‌లో 1987లో మొదలైన టాటా ఫుట్‌బాల్ అకాడమీలో కోచ్‌గా పనిచేశాడు. తర్వాత హల్దియాలోని అకాడమీలో నేర్పాడు. ఆ టాటా అకాడమీలో తయారైనవాళ్ళే భారత జట్టు మిడ్‌ఫీల్డ్‌ని ఏళ్ళ తరబడి మోసిన కార్ల్టన్ చాప్‌మన్, రెనెడీ సింగ్.

నాకు తోచేదేమిటంటే, హబీబ్ పని మారనే లేదు. మైదానం మధ్యలో ఉన్నప్పుడు ముందున్నవాడికి బంతి అందించాడు. కోచ్ అయ్యాక వెనకొచ్చే తరానికి ఆట అందించాడు. రెండు చోట్లా చప్పట్లు పడింది వేరేవాళ్ళకే.

చివరి రోజుల్లో పార్కిన్సన్స్ పట్టుకుంది. జ్ఞాపకాలు జారిపోయాయి. 2023 ఆగస్టు 15న, ఊరంతా జెండాలెగరేస్తున్న రోజున, హైదరాబాద్‌లోనే కన్నుమూశాడు. 74 ఏళ్ళు.

నౌకరీ సంగతేంది?

మొన్న బెల్లంపల్లి తిలక్ స్టేడియం దగ్గర కుర్రాళ్ళకి ఈ కథంతా చెబితే, ఒకడు టక్కున అడిగేశాడు: "గిదంత మంచిగనే ఉన్నది గాని అన్నా, ఆట ఆడితె నౌకరొస్తదా?"

అడగాల్సిన ప్రశ్నే. సింగరేణి నౌకరీ ఉంటేనే పిల్లనిచ్చే గడ్డ మనది. హబీబ్ రోజుల్లో చాలామంది ఆటగాళ్ళు బ్యాంకుల్లోనో రైల్వేలోనో ఉద్యోగం చేస్తూ ఆడేవారు. ఆయన మాత్రం ఉద్యోగం వద్దన్నాడు. ఆటే నా పని అన్నాడు. పొద్దున్నే లేచి సాధన, వేళకి తిండి, వేళకి నిద్ర. అందుకే మన దేశంలో తొలి అసలు సిసలు ప్రొఫెషనల్ అని ఆయన్ని అంటారు.

మిమ్మల్నీ అలాగే చెయ్యమని నేను చెప్పను. ఆయన వెనక కలకత్తా ఉంది. కిక్కిరిసే మైదానాలూ, డబ్బిచ్చే క్లబ్బులూ ఉన్నాయి. మనకేమున్నాయి? హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో ఐఎస్ఎల్ కప్పు గెలిస్తే మురిసిపోయాం. 2025లో ఆ జట్టు కాస్తా ఢిల్లీకి తరలిపోయింది!

అలాగని చేతులు ముడుచుకోనక్కర్లేదు. మన పక్క జిల్లా నిజామాబాద్ అమ్మాయి గుగులోత్ సౌమ్యని చూడండి. భారత జట్టుకి ఆడింది. 2024-25లో ఇండియన్ వుమెన్స్ లీగ్ గెలిచిన ఈస్ట్ బెంగాల్‌లో ఉంది. అవును, హబీబ్ 1966లో వెళ్ళి చేరిన అదే ఈస్ట్ బెంగాల్! దాదాపు అరవై ఏళ్ళ తర్వాత కూడా మనవైపు నుంచి ఒకరు ఆ జెర్సీ తొడిగారు. దారి మూసుకుపోలేదు, సన్నబడిందంతే.

ఇప్పుడు మీకో పని. కరీంనగర్ అంబేద్కర్ స్టేడియంలో గానీ, ఆదిలాబాద్ ఇందిరా ప్రియదర్శినిలో గానీ, మీ కాలేజీ గ్రౌండులో గానీ ఈసారి గోలు పడ్డప్పుడు కడుపారా అరవండి. అరుపు అయ్యాక పక్కవాణ్ణి అడగండి, బంతి అందించిందెవరని. ఆ పేరు, ఊరు ఓ కార్డు ముక్క మీద రాసి మన పత్రిక చిరునామాకి పడెయ్యండి. గోలు కొట్టినవాళ్ళ పేర్లు వద్దు సుమా! వచ్చిన పేర్లన్నీ ఇదే పేజీలో వేద్దాం.