కృత్రిమ మేధ వ్రాసే ప్రోగ్రాములు – మన వైఖరి

సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు కృత్రిమ మేధతో ప్రోగ్రాములు వ్రాయించుకొనవచ్చునా అని మన విద్యార్థులు మమ్ము తరచుగా అడుగుతున్నారు. తెలుగు బోధించే మాకు యంత్రముల సంగతి అంతగా తెలియదు. కాని ఇది చదువుకు సంబంధించిన ప్రశ్న గనుక మా అభిప్రాయమును విన్నవించుకొనుచున్నాము.

1957లో ఐ.బి.ఎమ్. సంస్థ ఫోర్ట్రాన్ భాషను వెలువరించినపుడు, యంత్రభాషలో ఆరితేరినవారు కంపైలరు తమంత చక్కగా వ్రాయలేదని శంకించారు. కాలక్రమమున ఆ శంక తొలగిపోయినది. 2022లో గిట్‌హబ్ కోపైలట్ అందరికీ అందినప్పటినుండి కలిగిన భయము కూడ అట్టిదేనని కొందరి వాదము. ఈ పోలిక సగమే నిజము. కంపైలరు ఒకే ప్రోగ్రామునకు ఒకే ఫలితమునిస్తుంది. కృత్రిమ మేధ ఒకే ప్రశ్నకు నేడొకటి, రేపొకటి చెప్పవచ్చును. లేని ఫంక్షనును ఉన్నట్లు ధీమాగా వ్రాయవచ్చును.

2025లో మెటర్ అను పరిశోధన సంస్థ 16 మంది అనుభవజ్ఞులైన ప్రోగ్రామర్లు చేసిన 246 పనులను పరిశీలించినది. ఈ ఉపకరణములను వాడినపుడు 19 శాతము ఎక్కువ కాలము పట్టినది. పని ముగిసిన పిమ్మట సైతము తమకు 20 శాతము కాలము కలిసివచ్చినదనియే వారు భావించారు! ఇది చిన్న పరిశీలన. ఉపకరణములు నానాటికి మెరుగగుచున్నవి. అయినను, చేయి తిరిగినవారే ఇట్లు భ్రమపడినచో, ఇంకను అక్షరములు దిద్దుకొనుచున్న విద్యార్థి గతి యేమి?

హైదరాబాదు ఛత్తా బజారు కాతిబులను మనమెరుగుదుము. ఉర్దూ నస్తాలీఖు లిపి కంప్యూటరులోనికి వచ్చిన పిదప వారిలో అనేకుల జీవనోపాధి పోయినది. యంత్రమును కాదన్నంత మాత్రమున అది ఆగదు. కాని అక్షరపు వంపు తెలిసిన కన్నే తెరమీది తప్పును పట్టగలదు.

కనుక ఇంజనీర్లు ఈ ఉపకరణములను స్వీకరించవలసినదే. మన విద్యార్థులలో అనేకులు తమ ఇంట మొదటిసారిగా కళాశాల గడప త్రొక్కినవారు; క్రొత్త విద్యను కాదనుకొనుట వారికి తగదు. అయితే మొదటి రెండు సంవత్సరములు స్వహస్తముతో వ్రాసి, తప్పులను తామే వెదకి దిద్దుకొనవలెను. తాము వివరింపలేని ఒక్క పంక్తినైనను సమర్పింపరాదు. ప్రయోగశాలలో మౌఖిక పరీక్షకు మార్కులు పెంచవలసినదిగా కళాశాల కమిటీవారిని కోరుచున్నాము. రేపు ఒక పేదవాని బ్యాంకు ఖాతాలో లెక్క తప్పినచో, సంజాయిషీ చెప్పవలసినవాడు ఆ ప్రోగ్రామును ఆమోదించిన ఇంజనీరే. ఆనాడు తల ఎత్తుకొని సమాధానము చెప్పగల విద్యను మన బిడ్డలకు ఈనాడే ఇత్తము.