వారి కిరీటానికి మన పెళ్ళిపెద్దరికం

అందాల పోటీలు మంచివా, చెడ్డవా అన్న పాత తగాదాలోకి నేను దిగను. 1951లో ఎరిక్ మోర్లీ లండన్‌లో మొదలుపెట్టిన మిస్ వరల్డ్ నేటికీ ఒక ప్రైవేటు సంస్థ వ్యాపారం. వ్యాపారం నేరం కాదు. నా అభ్యంతరమల్లా దానికి ప్రభుత్వం పెళ్ళిపెద్దగా నిలవడం మీదే.

2025 మే నెలలో హైదరాబాదులో జరిగింది అదే. ఖర్చు 54 కోట్లనీ, అందులో సగం ప్రభుత్వ వాటా అనీ, అదీ స్పాన్సర్ల నుంచే రాబడతామనీ పర్యాటక మంత్రి చెప్పారు. సరే, నమ్ముదాం. మరి ఆ నెలంతా పోటీదారుల వెంట తిరిగిన అధికారుల, పోలీసుల జీతాలు ఏ పద్దులో రాసుకోవాలి?

రామప్ప గుడి దగ్గరి దృశ్యం చూసి మాత్రం మనసు చివుక్కుమంది. వరసగా కుర్చీల్లో కూర్చున్న సుందరీమణుల కాళ్ళ మీద స్థానిక స్త్రీలు నీళ్ళు పోశారు, తువ్వాలుతో తుడిచారు కూడా. గుడిలోకి వెళ్ళేముందు కాళ్ళు కడుక్కోవడం ఆచారమేనని సమర్థకుల వాదన. కడుక్కోవడం ఆచారమే, కడిగించుకోవడం? అతిథి కాళ్ళు కడగడం మన ఇళ్ళలో లేనిది కాదు, కానీ అది ఇంటివారి ఇష్టం, సర్కారీ కార్యక్రమంలో అంశం కాదు. ఏ కంపెనీయో ఆ పని చేయిస్తే ప్రభుత్వానికి మొరపెట్టుకునేవాళ్ళం. ప్రభుత్వమే భాగస్వామి అయినప్పుడు మొర ఎవరికి?

పోచంపల్లికీ తీసుకువెళ్ళారు. నూలుకు ముడులు కట్టి, రంగులద్ది, విప్పి, మళ్ళీ కట్టాకగానీ మగ్గమెక్కని ఇక్కత్‌కు ప్రచారం దొరికితే నాకూ సంతోషమే. ఆ ప్రచారంతో ఎన్ని చీరలు అమ్ముడుపోయాయో, ఏ నేతకారుడి కూలి ఎంత పెరిగిందో శాసనసభ ముందు పెట్టమనండి.