మరమనిషి చంద్రుడి మీదికి, మనోడు మ్యాన్‌హోల్లోకి

అమెరికా కార్ల కార్ఖానాలో కాలే లోహపు ముక్కల్ని ఎత్తటానికి 1961లోనే రోబోను పెట్టుకున్నారు. మన శాస్త్రవేత్తలు 2023లో చంద్రుడి మీద రోవరును నడిపారు. మరి మ్యాన్‌హోల్లోకి? మనోడే దిగాలి!

2015లో కోజికోడ్‌లో మ్యాన్‌హోల్లో దిగిన ఇద్దరు ఆంధ్ర కూలీలు, వాళ్లను కాపాడబోయిన ఆటో డ్రైవరు చచ్చిపోయారు. ఆ చావులు కదిలించాకే కేరళ ఇంజనీరింగు కుర్రాళ్లు బాండికూట్ రోబోను తయారు చేశారు. 2018లో తిరువనంతపురంలో దింపారు. రక్షణ లేకుండా మనిషిని మురుగులోకి దింపటం నేరమని 2013 చట్టం అప్పటికే చెప్పింది. తెలివి లేక ఆగలేదండీ. కులం చవగ్గా చేయించే పనికి మిషను ఎవడు కనిపెడతాడు?

కాలేజీల్లో రోబో పోటీలు పెడతారు, నల్లగీత మీద నడిచే బొమ్మలతో. బానే ఉంది. ప్రాజెక్టుకు ముందు పిల్లల్ని ఒక్కరోజన్నా పారిశుధ్య కార్మికుల దగ్గరికి పంపారా? మీ పక్క కాలేజీకెళ్లి అడగండి. మునిసిపాలిటీలోనూ అడగండి: మిషనెప్పుడు కొంటారు? దాన్ని నడిపే శిక్షణ, పర్మినెంటు ఉద్యోగం మనోళ్లకిస్తారా, లేక మిషనొచ్చిందని ఇంటికి పంపేస్తారా?