టీజీ గారికి సీమ ఎప్పుడు గుర్తొస్తుంది?

కర్నూలు జనానికి టీజీ వెంకటేష్ గారి జెండాల లెక్క నోటికి వచ్చు. 1999లో పసుపు, 2009లో మూడు రంగులు, 2014లో మళ్లీ పసుపు, 2019 జూన్‌లో కాషాయం. నడుమ రాయలసీమ హక్కుల వేదిక ఒకటి. జెండాలు మార్చుకోవడం ఆయన ఇష్టం. ఏ జెండా పట్టినా సీమకు ఏం ఒరిగిందన్నదే మేం అడిగేది.

కిరణ్‌కుమార్ రెడ్డి మంత్రివర్గంలో ఆయనది చిన్ననీటి పారుదల శాఖ. అంటే చెరువులు, కుంటలు. మబ్బు వైపు చూసి బతికే సీమకు ఇంతకన్నా పనికొచ్చే శాఖ ఉందా? ఆ రోజుల్లో ప్రత్యేక సీమ అని గర్జించారు. రాష్ట్రం చీలగానే ఆయన చేరిన పార్టీయే 2014 సెప్టెంబర్ 4న రాజధాని విజయవాడ చుట్టుపక్కలే అని అసెంబ్లీలో తేల్చేసింది. 1937 శ్రీబాగ్ ఒప్పందమూ, 1953 నుంచి మూడేళ్లు రాజధానిగా ఉన్న కర్నూలూ ఎవరికీ గుర్తు రాలేదు.

2016 మే 31న మన రైతులు పోలీసుల ఆంక్షలు దాటుకుని సిద్ధేశ్వరం చేరి, అలుగుకు తామే శంకుస్థాపన చేసుకున్నారు. అడిగింది కృష్ణా నీళ్లలో తమ వాటా. కొద్దిరోజులకే, ఆ జూన్‌లోనే, టీజీ గారు పాలక పార్టీ తరఫున రాజ్యసభకు వెళ్లారు.

ఇక కాషాయం కథ. 2018 ఫిబ్రవరిలో కర్నూలులోనే కూర్చుని, రెండో రాజధాని, హైకోర్టు సీమకివ్వాలని డిక్లరేషన్ చేసిన పార్టీ అది. ఢిల్లీ సర్కారూ వాళ్లదే. మరి ఆ కాగితం ఏ బీరువాలో ఉంది సార్?

2024లో కుమారుడు భరత్ గారు కర్నూలు నుంచి గెలిచి పరిశ్రమల మంత్రి అయ్యారు. తండ్రిది ఢిల్లీని ఏలే పార్టీ, కొడుకుది అమరావతిని ఏలే పార్టీ. సిద్ధేశ్వరం అలుగు ఎప్పుడు కడతారో ఇద్దరూ ఇంట్లో మాట్లాడుకుని, కర్నూలు పాతబస్టాండులో నిలబడి చెప్పండి. వినడానికి మేం వస్తాం.