గడప నుంచి గడపకు ఎంత దూరం?

పోయిన నెల తెల్లారుజామున సిరిసిల్ల నుంచి ఫోన్ వచ్చింది. మేనమామ పోయిండు. నేను భివండీల ఉన్న. "విమానంల గంటన్నరే. 2 గంటలకల్లా వస్త, ఆపుండ్రి" అని మాటిచ్చిన.

ముంబై విమానాశ్రయం నుంచి శంషాబాద్‌కు ఆకాశమార్గాన సుమారు 620 కిలోమీటర్లు. టికెట్ మీది గంటన్నరలో విమానం రన్‌వే దాకా మెల్లగా పోయేది, దిగినాక ఆగే చోటికి వచ్చేది కూడా కలిసే ఉంటుంది. ఆ లెక్క తప్పు కాదు, నా లెక్కే తప్పు.

7 గంటలకు ఇల్లు వదిలిన. థానే దాటేసరికే ఆలస్యం. సామాను కౌంటర్ గంట ముందే మూస్తరు గనుక తొందరగా చేరాలె. విమానం 11 గంటలకు లేచింది, పన్నెండున్నరకు దిగింది. బయటపడి బండి ఎక్కేసరికి ఒకటింబావు. అక్కడి నుంచి సిరిసిల్ల ఇంకా 150 కిలోమీటర్ల పైనే. ఇంటి ముందు దిగేసరికి 5 అయింది. పొద్దు గూకుతదని 4 గంటలకే లేపిన్రు.

అత్తమ్మ కోపం చేయలేదు. "రెండింటి నుంచి బాట దిక్కే చూసినం బిడ్డా" అన్నది, అంతే.

మొత్తం 10 గంటలు. రైలుకైతే హైదరాబాద్ చేరడానికే 13, 14 గంటలు పడుతుంది. కాబట్టి విమానం దండుగ కాదు. కానీ ఇంటికి చెప్పేటప్పుడు టికెట్ మీది గంటలు చెప్పకండి, గడప నుంచి గడపకు లెక్కేసి చెప్పండి. నేను నిజం చెప్తే మామను ఇంకో గంట ఉంచేవాళ్లేమో.