కార్బన్ పేపర్ పోయింది.. మరి మీ ఉద్యోగం?

బీకాం చివరి సెమిస్టర్‌లో ఉన్నారా? ‘బిల్లులన్నీ సాఫ్ట్‌వేరే కొట్టేస్తుంటే ఇక అకౌంటెంట్‌ను ఎవరు పెట్టుకుంటారు?’ అని ఎవరో ఒకరు మిమ్మల్ని భయపెట్టే ఉంటారు. నేనైతే ఆ మాట ఒప్పుకోను. ఎందుకో చెప్పాలంటే నా మొదటి ఉద్యోగం సంగతి చెప్పాలి.

విజయవాడ ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ హోల్‌సేల్ షాపు. కార్బన్ పెట్టి మూడు కాపీల బిల్లులు రాయడం నా పని. మూడో కాపీలో 3 ఏదో, 8 ఏదో ఊహించుకోవాల్సిందే. ఒకసారి ఖమ్మం పార్టీకి సరుకుతో పంపిన బిల్లు దారిలో ఎక్కడో పోయింది. ‘బిల్లు రాకుండా డబ్బులెలా వేస్తాం?’ అన్నారు వాళ్లు. డూప్లికేట్ పంపితే ‘ఒరిజినలే కావాలి’ అన్నారు. అలా రెండు నెలలు నడిచింది. ఆ రెండు నెలలూ మా జీతాలు ఆలస్యమే. ఒక్క కాగితం పోతే ఇంట్లో అద్దె కట్టడం ఆగుతుందని అప్పుడే తెలిసింది.

ఇప్పుడు ఆ సాకు అంత తేలిగ్గా చెల్లదు. జీఎస్టీలో ఈ-ఇన్‌వాయిస్ 2020 అక్టోబరులో 500 కోట్ల టర్నోవర్ దాటిన కంపెనీలతో మొదలై, 2023 ఆగస్టుకల్లా 5 కోట్లు దాటినవాళ్ల దాకా దిగింది. కొన్ని మినహాయింపులు తప్ప, వీళ్లు మరో వ్యాపారానికి వేసే ప్రతి బిల్లూ పోర్టల్‌లో నమోదు కావాల్సిందే. పోర్టల్ దానికి ఐఆర్ఎన్ అనే 64 అక్షరాల నంబరు, క్యూఆర్ కోడ్ ఇస్తుంది. ఆ వివరాలు అమ్మినవాళ్ల జీఎస్టీఆర్-1లోకి వాటంతటవే చేరతాయి. రిటర్న్ వేశాక కొన్నవాళ్ల జీఎస్టీఆర్-2బీలో కనిపిస్తాయి. అన్నట్టు, వాట్సాప్‌లో పంపిన పీడీఎఫ్ ఈ-ఇన్‌వాయిస్ కాదు. ఇంటర్వ్యూలో ఈ ఒక్క ముక్క దగ్గరే చాలామంది తడబడతారు.

మరి మనిషితో పనేముంది అంటారా? అసలు పని ఇక్కడే. కాగితం మీద తప్పు పడితే కొట్టేసి, పక్కన సంతకం పెట్టేవాళ్లం. ఐఆర్ఎన్ వచ్చాక పోర్టల్‌లో దిద్దడం కుదరదు. 24 గంటల్లోపు రద్దు చేసి, కొత్త నంబరుతో మళ్లీ బిల్లు వేయాలి. గడువు దాటితే క్రెడిట్ నోట్ లాంటి దారులే. జీఎస్టీఐఎన్‌లో మొదటి రెండంకెలు రాష్ట్రం కోడ్: తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. విజయవాడ నుంచి ఖమ్మం పార్టీకి అమ్మితే ఐజీఎస్టీ పడాలి. అదే గుంటూరుకైతే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ. పార్టీ మాస్టర్‌లో ఎవరో తప్పు నంబరు ఎక్కించి ఉంటే, సాఫ్ట్‌వేర్ ఆ తప్పునే శ్రద్ధగా ప్రతి బిల్లులోనూ వేస్తుంది. కొన్నవాళ్లకు ఇన్‌పుట్ క్రెడిట్ రాదు. వాళ్లు పేమెంట్ ఆపేస్తారు. మళ్లీ నా ఖమ్మం కథే! దీన్ని ముందే పట్టుకునేవాళ్లే ఏ ఓనర్‌కైనా కావాలి. పైగా 10 కోట్లు, అంతకు మించి టర్నోవర్ ఉన్నవాళ్లు బిల్లు తేదీ నుంచి 30 రోజుల్లోపు నమోదు చేయాలని 2025 ఏప్రిల్ నుంచి నిబంధన. ఆ గడువులు చూసుకునేదీ మనిషే.

ఉత్తగా బిల్లులు రాసే ఉద్యోగం, అంటే నేను చేసినది, నిజంగానే పోయింది. పోనివ్వండి. నెట్ పోయినప్పుడు, పోర్టల్ మొరాయించినప్పుడు లోడైన లారీ గేటు దగ్గరే నిలబడిపోతుందన్నదీ నిజమే. అయినా ఆ మూడో కాపీ రోజులు నాకైతే వద్దు బాబోయ్.

ట్యాలీ ఎడ్యుకేషనల్ మోడ్ ఉచితం, అందులో బిల్లులు వేసి చూడండి. తెలిసిన హోల్‌సేల్ షాపులో ఈ-ఇన్‌వాయిస్ ఒకటి అడిగి తెచ్చుకోండి. రెండు జీఎస్టీఐఎన్‌ల మొదటి అంకెలు చూసి, ఏ పన్ను పడాలో మీరే ముందు కాగితం మీద రాసుకోండి. తర్వాత జీఎస్టీఎన్ వాళ్ల క్యూఆర్ వెరిఫై యాప్‌తో కోడ్ స్కాన్ చేసి, ఫోన్‌లో కనిపించే వివరాలు బిల్లుతో కలుస్తున్నాయో లేదో చూడండి.