బాయిలర్ ట్యూబుకున్న పరీక్ష బండి లింకుకు ఎందుకు లేదు?

దుమ్ముగూడెం, చర్ల, భద్రాచలం, బూర్గంపాడు మండలాల వెల్డింగ్ షాపుల వారికి, మెకానిక్ తమ్ముళ్లకు, ఐటీఐ ప్రిన్సిపాళ్లకు, భద్రాచలం ఐటీడీఏ అధికారులకు విజ్ఞప్తి.



ఇంటి వెనక రేకుల షెడ్డులో సొంతంగా రేసు కారు కట్టాలని, దానికి సస్పెన్షన్ లింకులు తామే చేసుకోవాలని తపనపడే కుర్రాళ్లు మన దగ్గరా ఉన్నారు. ఫోన్లో వీడియో చూసి, కొలతలు కాగితం మీద గీసుకుని, పైపు ముక్క పట్టుకుని షాపుకొస్తారు. "చదువుకోక ఇదేం పనిరా" అని కసిరి పంపేవాళ్లే ఎక్కువ. పాల్వంచలో బాయిలర్ పనులు చేసి వచ్చి, పర్ణశాల దగ్గర షెడ్డు పెట్టుకున్న నేను మాత్రం వాళ్లను కసరలేను. కోయంబత్తూరులో ఎస్. కరివర్ధన్ 1980ల చివర్లో మారుతి ఇంజిన్లతో ఫార్ములా మారుతి కార్లు కట్టించబట్టే మామూలు కుర్రాళ్లకు రేసింగ్ అందుబాటులోకి వచ్చింది. ఇవాళ అక్కడున్న రేసు ట్రాక్‌కు ఆయన పేరే పెట్టారు. ఇంజినీరింగ్ విద్యార్థులు సొంతంగా బగ్గీ కట్టి తలపడే బాహా పోటీలు మెదక్ జిల్లా నర్సాపూర్ దాకా వచ్చాయి. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ ఎలక్ట్రిక్ రేసు కార్లు పరుగెత్తాయి. మన పిల్లలకు ఆశ పుట్టడం తప్పు కాదు. వాళ్లు చేసిన లింకును పరీక్షించే చోటు ఈ ఏజెన్సీలో ఎక్కడా లేకపోవడమే తప్పు.

లింకు అంటే చూడ్డానికి రెండు కొసల్లో రాడ్ ఎండ్‌లు బిగించిన పైపు ముక్కే. చక్రాన్ని చట్రానికి పట్టి ఉంచేది అదే. బ్రేకు వేసినా, మలుపు తిప్పినా, గుంటలో పడినా ఆ బరువంతా దాని మీదికే వస్తుంది. 20 మిల్లీమీటర్ల వెడల్పు, 2 మిల్లీమీటర్ల మందం ఉన్న పైపు తీసుకోండి. దాని మీద 300 కిలోల ఒత్తిడి పడిందనుకుందాం. పైపు తిన్నగా ఉంటే ఉక్కు మీద చదరపు సెంటీమీటరుకు 265 కిలోల భారం పడుతుంది. అదే పైపును, ఇంజిన్‌కు తగులుతోందనో సైలెన్సర్ అడ్డొస్తోందనో, మధ్యలో 2 సెంటీమీటర్లు వంచారనుకోండి, ఆ భారం 1,560 కిలోలకు చేరుతుంది. అంటే దాదాపు ఆరు రెట్లు. మామూలు మైల్డ్ స్టీల్ 2,500 దగ్గర లొంగిపోతుంది. చక్రం గుంటలో పడి ఆ 300 కాస్తా 500 అయితే చాలు, వంచిన లింకు మడత పడుతుంది. లెక్క ఇంత తేటగా ఉన్నా, వంకర లింకులు బిగించిన బగ్గీలు ఇప్పటికీ చూస్తున్నాం. లింకును వంచొద్దు. అడ్డొచ్చిన సైలెన్సర్‌నే జరపండి.

ఇంకో అలవాటు వెల్డును గ్రైండర్‌తో నున్నగా చేసి రంగు వేయడం. కళ్లకు బాగుంటుంది, కానీ బలాన్నిచ్చే లోహమే పొడిగా రాలిపోతుంది. రంగు కింద చిన్న పగులున్నా ఎవరికీ కనిపించదు. నీళ్ల జీఐ పైపు, మిగిలిన స్లాబు చువ్వ ఈ పనికి ఎంతమాత్రం పనికిరావు. జీఐ మీది జింకు పూత ఆర్కుకు కాలి వెల్డులో బుడగలు వదులుతుంది, ఆ పొగ పీల్చినవాడికి రాత్రికి చలిజ్వరం వస్తుంది. టీఎంటీ చువ్వకు బలమంతా నీళ్లు కొట్టి గట్టిపరచిన పైపొరలో ఉంటుంది. వెల్డింగ్ వేడికి ఆ గట్టిదనం అక్కడే చచ్చిపోతుంది. సీమ్‌లెస్ ట్యూబు కొనండి. కొసన మరచుట్టు ఉన్న బుష్ కూర్చి వెల్డు చేయండి. 10 మిల్లీమీటర్ల రాడ్ ఎండ్ కనీసం 15 మిల్లీమీటర్లు లోపలికి దిగాలి. అది దిగిందో లేదో చూసేందుకు ట్యూబులో చిన్న రంధ్రం పెట్టుకోండి. చెక్ నట్టు మరవొద్దు. బోల్టును ఒక వైపు చెవికే వేలాడదీయకుండా రెండు వైపులా పట్టీ ఉండేలా చూడండి.

పెద్ద జట్లలో ఇలాంటివి జరగవని అనుకోవద్దు. 1994 మే 1న ఇటలీలోని ఇమోలా ట్రాక్ మీద ఫార్ములా వన్ రేసర్ అయర్టన్ సెన్నా చనిపోయాడు. అతని విలియమ్స్ కారు స్టీరింగ్ రాడ్డును కోసి, మధ్యలో సన్నని ట్యూబు వెల్డు చేసి అతికారు. ఆ మార్పు సరిగా చేయకపోవడంతోనే రాడ్డు విరిగిందని ఇటలీ అత్యున్నత న్యాయస్థానం 2007లో తేల్చింది. అతని హెల్మెట్‌ను చీల్చుకుని పోయింది ఆ కారు సస్పెన్షన్ ముక్కే. ప్రపంచంలోకెల్లా డబ్బున్న జట్లలో ఒకదాని షెడ్డులోనే ఇలాంటి మార్పులో లోపం మిగిలిపోయిందంటే, మన రేకుల షెడ్డు సంగతి ఏమనుకోవాలి?

మన చుట్టూ ఉన్నదేమిటో కూడా చూడండి. పాల్వంచ కేటీపీఎస్, మణుగూరు భారజల కర్మాగారం, భద్రాద్రి థర్మల్, సారపాక కాగితం మిల్లు. అక్కడ బాయిలర్ ట్యూబు మీద చేయి వేయాలంటే వెల్డర్ 6జీ (పైపును ఏటవాలుగా బిగించి పెట్టే వెల్డింగ్ పరీక్ష) పాసై ఉండాలి. నమూనా ముక్కను కోసి, వంచి చూస్తారు. జాయింట్లకు ఎక్స్‌రే తీస్తారు, పగుళ్లు పట్టే డీపీ (డై పెనెట్రెంట్) పరీక్ష చేస్తారు. ఆ పరీక్షలు దాటినవాళ్లు మన మండలాల్లో ఇంటింటికీ కాకపోయినా ఊరూరా ఉన్నారు. అదే చేయి సాయంత్రం ఊరికొచ్చి బండి లింకుకు వెల్డింగ్ పెడితే అడిగే నాథుడు లేడు. బాహా పోటీల్లో విద్యార్థులకు సైతం రోల్ కేజ్ ట్యూబు 25.4 మిల్లీమీటర్ల వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందం, కనీసం 0.18 శాతం కార్బన్ ఉండాలని, లేదా దానికి తగ్గని బలముండాలని నిబంధన. వెల్డు చేసేవాడు నమూనాలు చేసి, ఒకటి విరగ్గొట్టి, ఇంకోటి అడ్డంగా కోసి చూపాలి. పిల్లల పోటీకి ఉన్న పద్ధతి మన షాపుల్లో లేదు.

డీపీ ఏమంత ఖరీదైన పనీ కాదు. వెల్డును శుభ్రంగా తుడిచి ఎర్ర ద్రవం కొట్టి పది, పదిహేను నిమిషాలు ఆగాలి. పైన తుడిచేసి తెల్లపొడి స్ప్రే చేస్తే, పగులుంటే సన్నని ఎర్రగీతగా పైకి తేలుతుంది. ఆ గీతను తన కళ్లతో చూసిన కుర్రాడు మళ్లీ వెల్డు మీద గ్రైండర్ పెట్టడు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇదంతా గేటు వేసిన ట్రాక్ మీద నడిచే బండికే. రోడ్డు బండికి సొంత లింకులు చట్టవిరుద్ధం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన రూపం మార్చనివ్వదు. 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడతాయి. చట్టం పక్కన పెట్టినా, శ్రీరామనవమికి భక్తులను ఎక్కించుకుని చర్ల రోడ్డు మీద వచ్చే జీపు టై రాడ్ విరిగితే దానికి వెల్డింగ్ పెట్టి పంపడం మనుషుల ప్రాణాలతో ఆట. కొత్త రాడ్ కొనిపించండి. డ్రైవరన్న "ఈ ఒక్క ట్రిప్పుకే" అన్నా ఒప్పుకోవద్దు.

మేం అడుగుతున్నది పెద్ద కోరిక కాదు. 2024 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం 65 ఐటీఐలను 2,324 కోట్ల రూపాయలతో అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని మొదలుపెట్టింది. యంత్రాలు వస్తున్నాయి, మంచిదే. సాయంత్రం తాళం పడ్డాక వాటి వల్ల బయటి కుర్రాడికి ఏం లాభం? మన జిల్లా ప్రభుత్వ ఐటీఐల్లో ఒక వర్క్‌షాప్‌ను ఆదివారాలు, వారంలో రెండు సాయంత్రాలు బయటివారికి తెరవాలి. అందులో లింకులు కొలతకు కూర్చే జిగ్, డీపీ డబ్బాలు, హైడ్రాలిక్ జాకీతో లాగి చూసే ఇనుప ఫ్రేము ఉండాలి. జాకీ ఫ్రేమును మా షాపుల వాళ్లమే కట్టిస్తాం. పాల్వంచ, మణుగూరుల్లో రిటైరైన 6జీ వెల్డర్లను గౌరవ వేతనం ఇచ్చి పిలిపించాలి. గిరిజన యువకులకు ట్యూబు, రాడ్ ఎండ్‌ల ఖర్చు ఐటీడీఏ భరించాలి. పరీక్ష దాటిన లింకుకు నంబరు కొట్టి, చేసినవాడి పేరు రిజిస్టరులో రాయాలి. ఆ రిజిస్టరే రేపు ఆ కుర్రాడికి ఏ ఫ్యాక్టరీ గేటు దగ్గరైనా సర్టిఫికెట్ లాగా పనికొస్తుంది.

షాపుల యజమానులారా, అర్జీ కాగితం లక్ష్మీనగరం సెంటర్‌లోని షాపుల్లో ఉంచాం. సంతకం పెట్టండి, మీ దగ్గర పనిచేసే కుర్రాళ్లతో పెట్టించండి. వచ్చే సోమవారం భద్రాచలం ఐటీడీఏ గిరిజన దర్బార్‌లో అందరం కలిసి ఇద్దాం. షట్టరు ఒక పూట దించి రండి.